వంద డాలర్లకు పోయిన న్యాయమూర్తి

1978 అక్టోబరులో మిన్నెసోటా వైకింగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు తన ఆటగాడొకణ్ణి వదిలించుకుంది. ఆయనకి అప్పటికి 33 ఏళ్లు. ఆ జట్టులోనే పదకొండు సీజన్లు పూర్తిచేసి పన్నెండోది ఆడుతున్నారు. 1971లో మొత్తం లీగ్‌కే అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైనవారు. అమెరికా ఫుట్‌బాల్‌లో మనుషుల్ని వదిలించుకోవడానికి ఒక పద్ధతి ఉంది. జట్టు వద్దనుకున్న ఆటగాడి పేరు మిగతా జట్లకు తెలియజేస్తారు. కావలసినవాళ్లు నామమాత్రపు రుసుము కట్టి తీసుకుపోవచ్చు. ఈయన్ని షికాగో బేర్స్ తీసుకుపోయింది. కట్టిన రుసుము 100 డాలర్లు.

ఆ ఆటగాడి పేరు అలన్ పేజ్. అదే ఏడాది మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా పుచ్చుకున్నారు. పద్నాలుగేళ్లకి ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకి న్యాయమూర్తిగా ఎన్నికయ్యారు.

నేను గుంటూరు కోర్టుల్లో సివిల్ దావాలు నడిపి బతికినవాణ్ణి. మా అమ్మాయీ అల్లుడూ మినియాపొలిస్ పక్కన ప్లిమత్‌లో ఉంటారు కాబట్టి అప్పుడప్పుడూ ఆ చలిదేశంలో నెలల తరబడి ఉండాల్సి వస్తుంది. పేజ్ పేరు నాకు ముందు తెలిసింది న్యాయమూర్తిగానే. 2009లో అక్కడి పేపర్ల నిండా ఒక ఎన్నికల దావా గొడవ. దాన్ని విన్న ధర్మాసనానికి ఆయనే అధ్యక్షత వహించారు. "ఈయన ఒకప్పుడు పెద్ద ఫుట్‌బాల్ ప్లేయర్ నాన్నా" అని మా అమ్మాయి చెబితే నమ్మబుద్ధి కాలేదు. మన దగ్గర ఆట ఆడినవాడు ఎమ్మెల్యేనో ఎంపీనో కావడం చూశాం గానీ, హైకోర్టు బెంచి ఎక్కడం చూడలేదు. అప్పటినుంచీ ఈ మనిషి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఆయన్ని అర్థం చేసుకోవాలంటే ఆటని అర్థం చేసుకోక తప్పలేదు.

బంతిని చూడకు, గీతను చూడు

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. మైదానం 100 గజాలు. ఒక్కో వైపు పదకొండు మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్ల పాలవుతుంది. జట్టుకి దాడి చేసే దళం వేరు, అడ్డుకునే దళం వేరు. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు బయట కూర్చుంటారు. దాడికి నాయకుడు క్వార్టర్‌బ్యాక్. మధ్యలో వంగిన ఆటగాడు కాళ్ల సందునుంచి బంతిని అతనికి అందిస్తాడు. దాన్ని స్నాప్ అంటారు. బంతి కదిలేదాకా అడ్డుకునేవాళ్లు గీత దాటకూడదు. కదిలిందా, రెండు గోడలు ఢీకొంటాయి.

ఆ గోడ మధ్యలో నిలబడేవాడే డిఫెన్సివ్ టాకిల్. అతనికి ఎదురుగా, అతనికంటే బరువైన ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ల ఉద్యోగమే అతన్ని కదలనివ్వకపోవడం. కబడ్డీలో కూతకెళ్లినవాడి పేరు ఊరంతా మోగుతుంది, కాలు పట్టి ఆపినవాడి పేరు వాళ్లింట్లోవాళ్లకే గుర్తుంటుంది. ఇక్కడా అంతే. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, మన కళ్లు కెమెరా వెంట పోతాయి.

మా మనవడు ఒక ఆదివారం నా పక్కన కూర్చుని దారి చూపించాడు. "తాతయ్యా, నువ్వు బంతిని చూడకు. గీత మీద వంగున్నవాళ్లలో ఎవడు ముందు కదుల్తాడో చూడు" అన్నాడు. అలా చూడ్డం మొదలుపెట్టాక ఈ ఆట నాకు వేరే ఆటైపోయింది. స్నాప్‌కీ మొదటి తాకిడికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. ఆ లోపల ఎదుటివాడి భుజం ఏ వైపు వాలింది, పాదం వెనక్కి పడిందా ముందుకి పడిందా అన్నది చూసి, వాళ్లు పరిగెత్తబోతున్నారో బంతి విసరబోతున్నారో గ్రహించాలి. వాదోపవాదాల్లో ఎదుటి ప్లీడరు గొంతు సవరించుకోగానే ఏ పాయింటు ఎత్తబోతున్నాడో పసిగట్టే సీనియర్లు మా బార్‌లో ఉండేవాళ్లు. వాళ్లక్కూడా అంత తక్కువ వ్యవధి ఉండేది కాదు.

పేజ్ రోజుల్లో డిఫెన్సివ్ టాకిల్ అంటే స్థిరంగా నిలబడి, ముందు ఎదుటివాడి తాకిడి కాచుకుని, పరుగుదారి మూసేవాడు. పేజ్ పొడవు ఆరడుగుల నాలుగంగుళాలు. బరువు దాదాపు 245 పౌండ్లు, అంటే 111 కిలోలు. ఆ స్థానానికి అది మరీ ఎక్కువేమీ కాదు. అందుకని ఆయన కాచుకోవడం మానేశారు. బంతి కదలడంతోనే ఇద్దరి సందులోంచి దూసుకుపోయేవారు. పాత వీడియోల్లో చూస్తే ఎదుటివాళ్లు ఇంకా నడుము ఎత్తుతుండగానే ఈయన వాళ్ల వెనక ఉంటారు. 1971లో డెట్రాయిట్ లయన్స్‌తో ఆటలో రిఫరీ తన మీద వేసిన పెనాల్టీలకి ఒళ్లు మండి, ఆ తరవాత వరసగా గోడని చీల్చుకుంటూ వెళ్లిన తీరు ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

ఆయనా, కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సన్ కలిసి వైకింగ్స్ ముందువరస. ఊదారంగు చొక్కాలు కాబట్టి, అంతకుముందు వచ్చిన ఒక హాస్యగీతం పేరు మీదుగా వాళ్లని 'పర్పుల్ పీపుల్ ఈటర్స్' అనేవాళ్లు. 1969లో 14 ఆటల్లో ఎదుటి జట్లన్నీ కలిపి వాళ్ల మీద చేయగలిగింది 133 పాయింట్లే. బ్లూమింగ్టన్‌లోని పైకప్పు లేని స్టేడియంలో డిసెంబరు ఆటలు. కోచ్ బడ్ గ్రాంట్ మైదానం పక్కన హీటర్లు పెట్టనిచ్చేవాడు కాదు. ఆ ఊరి డిసెంబరులో చెత్తబుట్ట బయట పెట్టి రావడానికే నాకు మూడు చలికోట్లు కావాలి.

1971 ముగిసేసరికి అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చే అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పేజ్‌కి వచ్చింది. అడ్డుకునే దళంలోంచి ఒకడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆ తరవాత 1986లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్‌కి దక్కింది. ఇద్దరితోనే ఆ జాబితా ఆగిపోయింది.

క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసిరేలోపే పడగొడితే శాక్ అంటారు. లీగ్ వాటిని అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. పేజ్ మానేసింది 1981లో. తరవాత కొందరు పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి ఆయన ఖాతాలో 148.5 వేశారు. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం కాబట్టి ఆ అర. ఎదుటివాళ్లు తన్నిన బంతిని మధ్యలోనే చేత్తో ఆపినవి 28. పదిహేను సీజన్లలో 218 ఆటలు, ఒక్కటి కూడా తప్పలేదు. రోజూ గుద్దుకునే పనిలో ఇది నమ్మశక్యం కాని హాజరు. లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ దాకా నాలుగుసార్లు వెళ్లారు, నాలుగుసార్లూ ఓడిపోయారు. దాని గురించి ఆయన పెద్దగా బాధపడినట్టు నేనెక్కడా చదవలేదు.

ఉక్కు ఊళ్లో పెర్రీ మేసన్

పేజ్ 1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. అది ఉక్కు కార్ఖానాల ఊరు. నల్లజాతి కుర్రాడికి ముందున్న దారి చాలామట్టుకు కార్ఖానా గేటు దాకానే. పెర్రీ మేసన్ అనే కల్పిత లాయరు కథలు ఆ కుర్రాడి బుర్రలో వేరే ఆశ పెట్టాయి. ఆ మాట చదివి నవ్వుకున్నాను, మా తరం ప్లీడర్లలో సగంమందికి వాటిని రాసిన గార్డనర్ నవలలే గురువులు. దానికి తోడు 1954లో, పేజ్‌కి ఎనిమిదేళ్లున్నప్పుడు, బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ వేరువేరు బడులు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం అనే దానికి ఇంత బలం ఉందా అని అనిపించిన వయసు అదని ఆయన తరవాత చెప్పుకున్నారు.

ఫుట్‌బాల్ ఆయనకి హైస్కూల్లో దొరికింది. దానిమీద నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో సీటు దొరికింది. 1966లో ఆ జట్టు జాతీయ విజేత. 1967లో పొలిటికల్ సైన్స్ డిగ్రీ, అదే ఏడాది వైకింగ్స్‌లో ఉద్యోగం. ఫుట్‌బాల్ మహామహుల పేర్లు నిలిపే 'హాల్ ఆఫ్ ఫేమ్' ఉన్నది కాంటన్‌లోనే. 1963లో తెరిచారు. దాన్ని కడుతున్నప్పుడు పనిచేసిన కుర్రాళ్లలో పేజ్ ఒకరు. 1988లో ఆ గోడల మధ్యే ఆయన విగ్రహం పెట్టారు.

ఆ సభలో కొత్తగా చేరుతున్నవాణ్ణి పరిచయం చేయడానికి సాధారణంగా పాత కోచ్‌నో తోటి ఆటగాణ్ణో పిలుస్తారు. పేజ్ మినియాపొలిస్‌లోని నార్త్ హైస్కూల్ ప్రిన్సిపాల్ విల్లరీన్ బీస్లీని పిలిచారు. ఉపన్యాసం కూడా చాలావరకు చదువు గురించే. ఎందుకంటే వైకింగ్స్‌లో ఆయన ఒక దృశ్యం చూశారు. ఆటగాళ్లకు వ్యూహాల పుస్తకం ఇస్తారు, ప్లేబుక్ అంటారు. ఒక సమావేశంలో కోచ్ దాన్ని ఒక్కొక్కరి చేత గట్టిగా చదివించాడు. కొందరు తడుముకున్నారు. కొందరికి అసలు చదవడమే రాలేదు. వాళ్లంతా కాలేజీల్లో ఆడి వచ్చినవాళ్లు! ఏళ్ల తరబడి ఆటకోసం వాళ్లని పైతరగతుల్లోకి తోస్తూ పోయారు తప్ప, అక్షరం వచ్చిందా లేదా అని అడిగినవాళ్లు లేరు.

ప్లీడరుగా నాకు వెంటనే తోచిన సంగతి ఒకటుంది. ప్లేబుక్ చదవలేనివాడు కాంట్రాక్టూ చదవలేడు. వేలిముద్ర వేసిన దస్తావేజులో ఏముందో తెలియక పొలం పోగొట్టుకున్న కక్షిదారుల్ని నేను చూశాను. 100 డాలర్లకి మనిషిని వేరే ఊరి జట్టుకి పంపగలిగే నిబంధన కూడా ఎక్కడో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకున్నదే.

ఎవరి శరీరం, ఎవరి లెక్క

ఆ కాగితాల్ని చదివిన ఆటగాళ్లలో పేజ్ ఒకరు. ఆటగాళ్ల సంఘంలో వైకింగ్స్ తరఫు ప్రతినిధిగా ఉండేవారు. 1972 నుంచి 1975 దాకా కార్యవర్గంలో పనిచేశారు. ఆ రోజుల్లో ఒప్పందం గడువు ముగిసిన ఆటగాడు వేరే జట్టుకి వెళ్తే, తీసుకున్న జట్టు పాత జట్టుకి నష్టపరిహారం ఇచ్చుకోవాలి. ఎంతన్నది లీగ్ కమిషనర్ ఇష్టం. ఎంత పడుతుందో తెలియనప్పుడు ఎవరు ధైర్యం చేసి తీసుకుంటారు? పేరుకి స్వేచ్ఛ, జరిగేది మాత్రం కట్టుబానిసత్వం. 1974లో ఆటగాళ్లు సమ్మె చేశారు. సమ్మెతో పెద్దగా ఒరిగింది లేదు. కానీ జాన్ మాకీ అనే ఆటగాడి పేరుతో నడిచిన దావాలో మినియాపొలిస్ ఫెడరల్ కోర్టు 1975లో ఆ నిబంధన చట్టవిరుద్ధమని చెప్పింది. మరుసటి ఏడు అప్పీలు కోర్టూ ఆటగాళ్ల పక్షానే నిలిచింది. మైదానంలో సాధించలేనిది కోర్టులో సాధించవచ్చని పేజ్ కళ్లారా చూసింది అప్పుడే.

లా చదువు ఆయన అంతకుముందే ఒకసారి మొదలుపెట్టి, కొద్ది వారాలకే మానేశారు. 1975లో మళ్లీ చేరారు. ఈసారి ఆటా చదువూ రెండూ నడిచాయి. ఆదివారం మైదానంలో, వారం మధ్యలో క్లాసులో. రాత్రి కాలేజీకి పోతూ పగలు గుమాస్తాగిరీ చేసి లా పూర్తిచేసిన మిత్రులు నాకున్నారు గనక ఆ కష్టం కొంత తెలుసు. అయితే వాళ్లెవరూ మర్నాడు ఒళ్లు పచ్చిపుండుగా లేచేవాళ్లు కారు.

ఆ రోజుల్లోనే ఇంకో మార్పు జరిగింది. ఆయన భార్య డయాన్ సిగరెట్లు మానడానికి పరుగు మొదలుపెట్టారు. తోడుగా ఆయనా పరిగెత్తారు. ఆవిడ పొగ మానేశారు, ఈయనకి పరుగు పట్టుకుంది. దాంతో బరువు దిగింది. 245 పౌండ్ల మనిషి 220ల్లోకి వచ్చారు. ఆటకి ఆ బరువు చాలదని కోచ్ గ్రాంట్ వాదన. పరుగువల్ల తనకి ఓపిక పెరిగింది, పని బాగానే చేస్తున్నానని పేజ్ వాదన. తీర్పు చెప్పే అధికారం కోచ్‌ది. 1978లో జరిగింది అదే.

షికాగోకి వెళ్లి ఆయన ఇంకో 58 ఆటలు ఆడారు. 1979లో మారథాన్, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు పూర్తిచేశారు. లీగ్‌లో ఆడుతూ మారథాన్ పూర్తిచేసిన మొదటి ఆటగాడు ఆయనే. అదే ఏడాది బార్‌లో చేరి, సీజన్ లేనప్పుడు మినియాపొలిస్‌లో ప్రాక్టీసు చేశారు. 1985 నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఉద్యోగాలకు సంబంధించిన కేసులు చూశారు.

ఎన్నిక జరపమని దావా

మిన్నెసోటాలో న్యాయమూర్తుల్ని జనం ఓటు వేసి ఎన్నుకుంటారు. కాగితం మీద పద్ధతి అది. నడిచే పద్ధతి వేరు. న్యాయమూర్తులు చాలామంది గడువు మధ్యలో దిగిపోతారు, గవర్నరు తనకి నచ్చినవాళ్లని నియమిస్తాడు, తరవాతి ఎన్నికలో వాళ్లే నిలబడి గెలుస్తారు. ఖాళీ కుర్చీకి ఎన్నిక రావడమే అరుదు.

1992లో సుప్రీంకోర్టులో ఒక న్యాయమూర్తి గడువు ముగియబోతోంది. పేజ్ నిలబడదామనుకున్నారు. ఇంతలో ఆ న్యాయమూర్తి తన పదవీ విరమణ ప్రయోజనాలకి సర్వీసు సరిపోవాలని పొడిగింపు అడిగారు, గవర్నరు ఆర్నీ కార్ల్‌సన్ ఇచ్చేశారు. దాంతో ఎన్నికే లేకుండా పోయింది. పేజ్ దావా వేశారు. విచారించాల్సింది ఏ కోర్టు? అదే సుప్రీంకోర్టు! అక్కడి న్యాయమూర్తులంతా తప్పుకున్నారు, వాళ్ల స్థానంలో ప్రత్యేకంగా వేరే న్యాయమూర్తులు కూర్చున్నారు. ఎన్నిక జరపాల్సిందేనని తీర్పు వచ్చింది. లా రిపోర్టుల్లో అది 'పేజ్ వర్సెస్ కార్ల్‌సన్'.

సీటు ఇమ్మని ఆయన అడగలేదు, పోటీ పెట్టమన్నారు. ఈ తేడా నాకు బాగా నచ్చింది. రాజ్యాంగంలో రాసుకున్న రూలు ఒకటి, ఊళ్లో నడిచే అలవాటు ఒకటి. రూలు ప్రకారం నడవండి, ఆ పైన జనం ఇష్టం అన్నారు. జనం ఆయన్నే గెలిపించారు. 1993 జనవరిలో ప్రమాణం చేశారు. ఆ కోర్టులో కూర్చున్న మొదటి నల్లజాతి న్యాయమూర్తి. ఆ తరవాత మూడుసార్లు మళ్లీ గెలిచి, 70 ఏళ్లకి దిగిపోవాలన్న నియమం ప్రకారం 2015 ఆగస్టులో విరమించారు.

నేను మొదట చెప్పిన 2009 దావా ఇది. అమెరికా సెనేట్ సీటుకి 2008లో జరిగిన ఎన్నికలో మిన్నెసోటాలో దాదాపు 29 లక్షల ఓట్లు పడ్డాయి. నార్మ్ కోల్‌మన్, అల్ ఫ్రాంకెన్ మధ్య తేడా వందల్లోకి వచ్చింది. రీకౌంటింగ్, అభ్యంతరాలు, కవర్ల మీద సంతకాలు, నెలల తరబడి సాగింది. ప్రధాన న్యాయమూర్తీ మరొకరూ ఓట్ల పరిశీలన మండలిలో పనిచేసినందువల్ల తప్పుకోవడంతో పేజ్ అధ్యక్షత వహించారు. జూన్ 30న అయిదుగురూ ఏకగ్రీవంగా ఫ్రాంకెన్ గెలిచినట్టు తేల్చారు. మెజారిటీ 312. వాదనలు టీవీలో ఇస్తుంటే చూశాను. మెడకి బో టై, చిన్న గొంతు. ప్లీడర్లని తొందరపెట్టరు, తప్పించుకోనివ్వరు.

వంకర వేలు, యాభై గంటలు

పేజ్ చిటికెన వేలొకటి ఆటలో మళ్లీమళ్లీ కీలు తప్పి, చివరికి పక్కకి తిరిగి నిలిచిపోయింది. మిగతా వేళ్లు తిన్నగా ఉంటే అదొక్కటే రోడ్డుపక్క బాణం గుర్తులా బయటికి చూస్తుంటుంది. ఆయన బడులకి వెళ్తే పిల్లలు ముందు అడిగేది దాని గురించే. టీచరుగా పనిచేసే కూతురు కేమీతో కలిసి 2013లో ఆ వేలు మీదే పిల్లల పుస్తకం రాశారు. మా మనవడు దాన్ని బడి లైబ్రరీ నుంచి తెచ్చాడు. రాత్రి పడుకునేముందు మాకు చదివి వినిపించి, తన చిటికెన వేలు అలా వంచబోయి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నాడు.

వేలితో పోయింది, పేజ్ అదృష్టవంతులు. అదే నోటర్ డామ్‌లో చదివి, అదే షికాగో బేర్స్‌లో అడ్డుకునే దళంలో ఆడిన డేవ్ డ్యూర్సన్ 2011లో, 50 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. తన మెదడుని పరీక్షకి ఇవ్వమని చీటీ రాసిపెట్టాడు. ఇరవై సీజన్లు ఆడిన జూనియర్ సేయావ్ మరుసటి ఏడు అలాగే పోయాడు, 43 ఏళ్లకే. తలకి తగిలే దెబ్బలు ఏళ్ల తరబడి పేరుకుని మెదడుని తినేసే జబ్బు ఇద్దరిలోనూ బయటపడింది. తాకిడితో కూడిన ఈ వృత్తికి ఇది కూడా ఒక ముగింపే. దాన్ని పక్కనపెట్టి పేజ్ కథ ఒక్కటే చెబితే పాఠకుడికి సగం ఆటే చెప్పినట్టు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన 1988లోనే పేజ్ దంపతులు ఒక విద్యా ఫౌండేషన్ పెట్టారు. మిన్నెసోటాలోని నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకి పై చదువులకి సాయం చేస్తుంది. సాయానికి ఒక షరతుంది. డబ్బు తీసుకున్న విద్యార్థి ఏడాదికి 50 గంటలు తనకంటే చిన్న పిల్లలకి చదువు చెప్పాలి. మన దగ్గర స్కాలర్‌షిప్పులిచ్చే కుల సంఘాలకీ, పూర్వ విద్యార్థుల సంఘాలకీ ఈ షరతు చెప్పాలనిపిస్తుంది. మనం చెక్కు ఇస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. ఆ పిల్లాడి వెనక ఇంకో పిల్లాణ్ణి కట్టడం మనకి తోచదు.

పేజ్ దంపతులు ఇంకోటి కూడా కూడబెట్టారు. జాతి వివక్ష నాటి వస్తువులు. 2018 మొదట్లో, సూపర్ బౌల్ మినియాపొలిస్‌లో జరుగుతున్న రోజుల్లో, నగర గ్రంథాలయంలో వాటిని ప్రదర్శనకి పెట్టారు. ఊరంతా ఫుట్‌బాల్ పండగ, మేం మాత్రం బూట్ల మంచు దులుపుకుని అక్కడికి వెళ్లాం. నల్లవాళ్లు ఎక్కడ కూర్చోవాలో, ఎటునుంచి రావాలో చెప్పే బోర్డులు. అచ్చు ఏ బస్టాండులోనో ఉండే బోర్డుల్లాగే మామూలు అక్షరాలు, మామూలు రంగు. అలాంటి మాట రాయడానికి ఎవరో పెయింటరు నింపాదిగా గీతలు కొట్టుకుని, అక్షరాల మధ్య ఎడం సరిచూసుకున్నాడు కదా అనిపించింది. ఇంకోవైపు 1865లో లింకన్ శవయాత్ర రైలు వెళ్తుంటే పట్టుకున్న బ్యానరు. ఆ సెప్టెంబరులో డయాన్ కన్నుమూశారు. నవంబరులో పేజ్‌కి అమెరికా అత్యున్నత పౌర పురస్కారం, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది.

చదువు హక్కా, దయా?

2020లో పేజ్ మరో పని తలకెత్తుకున్నారు. ఈసారి జత నీల్ కష్కరీ, మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు, కశ్మీరీ తల్లిదండ్రుల బిడ్డ. మిన్నెసోటా రాజ్యాంగంలో ప్రభుత్వ బడులు నడపడం చట్టసభ విధి అని ఉంది. దాన్ని మార్చి, నాణ్యమైన ప్రభుత్వ విద్య ప్రతి పిల్లవాడి ప్రాథమిక హక్కు అని రాయమన్నారు. అక్కడ తెల్ల పిల్లలకీ నల్ల పిల్లలకీ మధ్య చదువులో ఉన్న దూరం ఎంతకీ తగ్గడం లేదు. హక్కని రాస్తే తల్లిదండ్రులు కోర్టుకి వెళ్లొచ్చు. ఉపాధ్యాయ సంఘం వ్యతిరేకించింది. ఈ దారిలో ప్రజాధనం ప్రైవేటు బడుల పాలవుతుందని వాళ్ల భయం. చట్టసభలో ప్రతిపాదన ముందుకు సాగలేదు.

ఈ వాదన మనకి కొత్తది కాదు. పేజ్ ప్రమాణం చేసిన మరుసటి నెల, 1993 ఫిబ్రవరిలో, మన సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కని చెప్పింది. ప్రధాన తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. కేసు మొదలైంది ఇంజినీరింగు, మెడికల్ కాలేజీల కాపిటేషన్ ఫీజుల దగ్గర, తేలింది చిన్న పిల్లల బడి దగ్గర. 2002లో రాజ్యాంగ సవరణతో 21-ఎ అధికరణ వచ్చింది, విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అంటే పేజ్ కోరింది మనకి కాగితం మీద ఎప్పుడో దక్కింది.

దక్కినదాన్ని వాడుకున్నామా అన్నదే ప్రశ్న. హక్కు రాసి పెడితే సరిపోదని కోర్టుల్లో జీవితం గడిపినవాళ్లెవరికైనా తెలుసు. దాన్ని చదివి, ఇది నాది అని అడిగే మనిషి ఉండాలి. పేజ్ ఒకే ఒక్క పని జీవితమంతా చేశారనిపిస్తుంది. కోచ్ దగ్గర, లీగ్ దగ్గర, గవర్నరు దగ్గర, రూలు ఏముందో తను చదివి అడిగారు. కొన్నిచోట్ల ఓడిపోయారు, కొన్నిచోట్ల గెలిచారు. రాజ్యాంగ సవరణ ఆయన హయాంలో రాకపోవచ్చు. కానీ ఏడాదికి 50 గంటల చొప్పున ఆ అడిగే మనుషుల్ని తయారుచేసే పని ముప్పై ఏళ్ల పైనే నడుస్తోంది, దానికి ఏ చట్టసభ ఓటూ అక్కర్లేకపోయింది. మన ఊళ్లలో ఆ పని మొదలుపెట్టడానికీ అక్కర్లేదు.